గీజర్ బిగించడం గంట పని, దానికి పైపు వేయడం నెల పని

నవంబర్ 9, ఆదివారం

కామన్ బాత్రూమ్ గీజర్ ఎలిమెంట్ మళ్లీ పోయింది. నాలుగేళ్లలో ఇది మూడోది. విప్పి బయటికి తీస్తే లోపల గొట్టమే కనపడటం లేదు, చుట్టూ సున్నం పేరుకుని జొన్న కంకిలా ఉంది. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కి స్నానాలకీ బట్టలకీ బోరు నీళ్లే, నగర సరఫరా మంజీరా నీళ్లు వంటింటి కుళాయికి వస్తే అదే గొప్ప. పైగా నాన్న పొద్దున్నే అయిదింటికి స్నానం చేస్తే పదిహేను లీటర్ల ట్యాంకు అయిపోతుంది, నేను ఆరింటికి లేచేసరికి మళ్లీ స్విచ్ వేసి కూర్చోవాలి. వంటింట్లో పైపు గ్యాస్ ఎలాగూ ఉంది కదా, వాష్ ఏరియాలో ఒక గ్యాస్ గీజర్ పెట్టేసి రెండు బాత్రూమ్‌లకీ దాన్నుంచే వేడినీళ్లు ఇద్దామని మా ఆవిడతో అన్నాను. "బాత్రూమ్‌లో మాత్రం పెట్టనివ్వను" అంది. నాకూ ఆ ఉద్దేశం లేదు. తలుపేసుకుని స్నానం చేసే చిన్న గదిలో మంట మండుతుంటే ఆక్సిజన్ తగ్గేకొద్దీ గ్యాస్ సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తల తిరుగుతోందని తెలిసేసరికి గడియ తీసే ఓపిక కూడా ఉండదు.

మధ్యాహ్నం టార్చ్ పట్టుకుని మీటర్ చదివాను. జి 1.6 రకం, గంటకు గరిష్ఠం 2.5 ఘనపు మీటర్లు అని ఉంది. ఇన్నేళ్లుగా బిల్లు కోసం అంకెలు ఫొటో తీయడమే గానీ ఆ 2.5ని ఎప్పుడూ పట్టించుకోలేదు. రెండు బాత్రూమ్‌లు కదా అని నిమిషానికి పది లీటర్ల గీజర్ చూసి పెట్టుకున్నాను. లెక్క వేస్తే పది లీటర్ల నీళ్లను పాతిక డిగ్రీలు వేడెక్కించడానికి పదిహేడున్నర కిలోవాట్లు కావాలి, గీజర్‌లో పోయేది పోగా గ్యాస్ రూపంలో ఇరవై దాకా ఇవ్వాలి. ఒక ఘనపు మీటర్ గ్యాస్‌లో సుమారు పదిన్నర యూనిట్ల వేడి ఉంటుంది కాబట్టి అదొక్కటే గంటకు 1.9. మూడు బర్నర్ల పొయ్యి మొత్తం వెలిగిస్తే ఇంకో 0.6. రెండూ కలిసి మీటర్ గీత దగ్గరికి వచ్చి కూర్చున్నాయి. ఆరు లీటర్లది అయితే 1.2 తింటుంది, పొయ్యితో కలిపి 1.8, మీటర్‌కి ఊపిరాడుతుంది. ఒకరి తర్వాత ఒకరు చేస్తాం స్నానాలు, పోయేదేముంది.

నవంబర్ 11, మంగళవారం

వాటర్ లైన్ కోసం మా గల్లీ ప్లంబర్ని పిలిచాను. నీళ్ల పని బాగా చేస్తాడు, అందులో వంక పెట్టను. గ్యాస్ మాట ఎత్తగానే వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెనకున్న వాల్వ్ చూపించి, "ఈడ టీ కొడ్త సార్, కొంత దూరం ఇనుప పైపు ఏస్త, ఆఖరుకు కిటికీలకెల్లి రబ్బర్ పైపు తీస్క పోయి గీజర్‌కి పెడ్త, అర్ధగంట పని" అన్నాడు. టీ అంటే ఒక లైన్‌ని రెండుగా చీల్చే పైపు ముక్క. రబ్బర్ పైపు ఎంత పొడుగు అన్నాను. వేలితో గాల్లో గీత గీసి చూపించాడు, ఎటు చూసినా నాలుగు మీటర్లుంటుంది. "ఏం గాదు సార్, వంద ఇండ్లల్ల పెట్టిన."

ఈ "ఏం గాదు సార్" అనే మాట వింటే నాకు వెన్నులో వణుకు. వాటర్‌ప్రూఫింగ్ అప్పుడు కూడా ఇదే విన్నాను. పొయ్యికి పెట్టే నారింజ రంగు సురక్ష ట్యూబ్‌కే ఒకటిన్నర మీటరు దాటకూడదని, అయిదేళ్లకోసారి మార్చాలని నియమం, ఎక్కడా గోడలోంచి గానీ కిటికీలోంచి గానీ పోకుండా మొత్తం కంటికి కనపడుతూ ఉండాలి. ఎండ తగిలే చోట నాలుగు మీటర్ల రబ్బరు, అదీ నట్లూ బోల్టులూ ఉన్న కిటికీ ఫ్రేమ్‌కి ఆనుకుని. వద్దన్నాను. అసలు గ్యాస్ కంపెనీ వాళ్లు వేసిన లైన్‌ని బయటి ప్లంబర్ కోయకూడదు, వాళ్లకి దరఖాస్తు పెడితే వాళ్ల మనిషే వచ్చి అదనపు పాయింట్ ఇస్తాడు. మన ప్లంబర్ మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ నీళ్ల లైన్ అతనికే ఇస్తానంటే సర్దుకున్నాడు. సాయంత్రం గ్యాస్ కంపెనీకి ఫోన్ చేసి అదనపు పాయింట్ కావాలని రాయించాను.

నవంబర్ 13, గురువారం రాత్రి

ఇంగ్లండ్‌లోని లీసెస్టర్ నుంచి బావ ఫోన్. ఏం చేస్తున్నావంటే ఇదీ సంగతి అని చెప్పాను, అంతే, బాయిలర్ పురాణం మొదలుపెట్టాడు. పోయిన చలికాలం వాళ్ల పాత బాయిలర్ తీసేసి కొత్త కాంబి బాయిలర్ పెట్టించారు, ఇల్లు వెచ్చగా ఉంచేదీ అదే, కుళాయికి వేడినీళ్లు ఇచ్చేదీ అదే. కొత్తది ముప్పై కిలోవాట్లు, అంటే గంటకు మూడు ఘనపు మీటర్లకు పైనే. అక్కడ చిన్న ఇళ్లకి కూడా గంటకు ఆరు ఘనపు మీటర్ల మీటర్ పెడతారట. గోడ మీద బాయిలర్ మార్చడానికి డబ్బు అడిగితే సరే, చెక్క నేలంతా పీకి మీటర్ నుంచి బాయిలర్ దాకా పైపు కూడా మార్చాలంటే బావకి ఒళ్లు మండింది. పాత పైపు 15 మిల్లీమీటర్ల రాగిది, దానికి బదులు 22 వేస్తామన్నారు.

"పైపు బాగానే ఉంది, లీకు లేదు, ఎందుకయ్యా అంటే ఆ పిల్లాడు నన్ను మీటర్ దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు" అన్నాడు బావ. అక్కడ మీటర్ దగ్గర ప్రెషర్ 21 మిల్లీబార్లు ఉండాలి, అటో రెండు ఇటో రెండు. మీటర్ నుంచి పరికరం దాకా పైపులో పోయేది 1 మిల్లీబార్ దాటకూడదు. ఇది గ్యాస్ ఆగి ఉన్నప్పుడు చూసే లెక్క కాదు, బాయిలర్ పూర్తి మంట మీద ఉన్నప్పుడు చూడాలి. ఆగి ఉన్న గ్యాస్‌కి సన్న పైపైనా లావు పైపైనా ప్రెషర్ ఒకటే కాబట్టి అప్పుడు గేజీ పెట్టి బాగుందనుకోవడం దండగ. ఇంకో సంగతి, బాయిలర్ కింద ఉండే కనెక్షన్ 15 మిల్లీమీటర్లే అయినా అంత మాత్రాన లైన్ అంతా 15 చాలని కాదట. అక్కడ గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాడే గ్యాస్ పని ముట్టుకోవాలి, 1998 నాటి చట్టమే అలా ఉంది. "మీ దగ్గర ఎవడు ముట్టుకుంటాడు?" అన్నాడు. అర్ధగంట పని అన్నవాడి సంగతి చెప్పాను. నవ్వలేదు.

నవంబర్ 15, శనివారం

టేపు, కాగితం, పెన్సిల్. మా ఇంటి దౌర్భాగ్యం ఏంటంటే గ్యాస్ మీటర్ ముందు వైపు వంటింటి బయట గోడకి, వాష్ ఏరియా ఇంకో చివర. ప్లంబర్ చెప్పిన దారి కొలిచాను. మీటర్ నుంచి పొయ్యి దాకా ఎనిమిది మీటర్లు, అయిదు ఎల్బోలు (మలుపు ముక్కలు). అక్కడి నుంచి వాష్ ఏరియాకి పదిహేను మీటర్లు, ఎనిమిది ఎల్బోలు. బావ దగ్గర పద్ధతి ప్రకారం ఒక్కో ఎల్బోకి అర మీటరు పైపు కలుపుకోవాలి, మలుపు దగ్గర గ్యాస్ గోడకి కొట్టుకుని అంత శక్తి పోగొట్టుకుంటుందని. అంటే మొదటి ముక్క పదిన్నర, రెండోది పందొమ్మిది.

అర అంగుళం అని మనం పిలిచే హెవీ క్లాస్ జీఐ (జింక్ పూత ఇనుప) పైపు లోపలి కన్నం నిజానికి 15 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. మొదటి ముక్కలో పొయ్యిదీ గీజర్‌దీ కలిపి 1.8 పోవాలి, రెండోదాంట్లో 1.2. ప్రవాహం రెట్టింపైతే ప్రెషర్ నష్టం నాలుగింతలవుతుంది, ఇది గుర్తుపెట్టుకుంటే చాలా విషయాలు వాటంతటవే అర్థమవుతాయి. మొదటి ముక్కలో 0.55 మిల్లీబార్, రెండోదాంట్లో 0.44, కలిపితే 1కి ఒక్క వెంట్రుక తక్కువ. దానికి వాల్వ్, పైన ఆ నాలుగు మీటర్ల సన్న రబ్బరు పైపు కలిపితే గీత దాటినట్టే. పొయ్యి మీద సిమ్‌లో పాలు కాగుతున్నప్పుడు నాన్న వేడినీళ్లు తిప్పితే మంట ఒక్కసారి కుంగుతుంది, బాగా చిన్న మంటైతే ఆరిపోయినా ఆరిపోవచ్చు. ఆరిపోయిన బర్నర్‌లోంచి గ్యాస్ వస్తూనే ఉంటుంది. అర్ధగంట పని అసలు రంగు ఇదన్నమాట.

రెండో దారి, మీటర్ దాటగానే టీ పెట్టి బయట గోడ వెంబడి గీజర్‌కి విడిగా లైన్. ఇరవై మీటర్లు, ఏడు ఎల్బోలు. అర అంగుళంతో వేస్తే 0.55, ముప్పావు అంగుళంతో వేస్తే 0.11. వ్యాసం అయిదో ఘాతం మీద ఆధారపడుతుంది నష్టం, అందుకే పైపు ఒక్క సైజు పెరిగితే అయిదో వంతుకి పడిపోయింది. నిజానికి విడి లైనైతే అర అంగుళమైనా చాలు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఎప్పుడైనా పెద్ద మీటర్ తీసుకుని పది లీటర్ల గీజర్ పెట్టాలంటే మళ్లీ గోడ మీద తాడు కట్టి మనిషిని వేలాడదీయాలి. ముప్పావు వేయించాలని నిర్ణయం.

నవంబర్ 22, శనివారం

గ్యాస్ కంపెనీ తరఫు టెక్నీషియన్ సర్వేకి వచ్చాడు. పాతికేళ్లుంటాయి, మాట తక్కువ. సంచిలోంచి ఒక చెక్క పలక తీశాడు, దాని మీద యు ఆకారంలో గాజు గొట్టం, పక్కన స్కేలు, లోపల ఎరుపు రంగు కలిపిన నీళ్లు. చూడగానే మేస్త్రీలు పునాది దగ్గర మట్టం చూసే లెవల్ పైపు గుర్తొచ్చింది. "అదే సార్, ఇది ఇంకొంచెం చదువుకున్నది" అన్నాడు. మీటర్ దగ్గరున్న చిన్న టెస్ట్ పాయింట్ మర వదులు చేసి రబ్బరు గొట్టం తగిలిస్తే ఎర్రనీళ్లు ఒక వైపు కిందికి, ఇంకో వైపు పైకి జరిగాయి. రెండు మట్టాల మధ్య తేడా 228 మిల్లీమీటర్లు. 1 మిల్లీబార్ అంటే పది మిల్లీమీటర్ల నీళ్లకు కొంచెం ఎక్కువ కాబట్టి ఇది 22 పైచిలుకు. మూడు బర్నర్లూ వెలిగించమన్నాడు. నీళ్లు ఒకసారి ఊగి 215 దగ్గర నిలబడ్డాయి, అంటే 21. ఎవరూ వాడనప్పుడు రెగ్యులేటర్ మూసుకుని ప్రెషర్ కాస్త పైకెక్కి ఆగుతుంది, గ్యాస్ కదలగానే అసలు స్థాయికి దిగుతుంది. బావ చెప్పినదే, ఇక్కడ కంటి ముందు.

దారి చూసి రెండు చోట్ల అభ్యంతరం చెప్పాడు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక కరెంటు వైర్లకి ఆనుకుని పైపు పోతుంది, జరపాలి. బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్ పైనుంచి దగ్గరి దారి ఉంది కదా అన్నాను, కనపడని చోట పైపు వేయడు, లీకైతే గ్యాస్ అక్కడే చేరుతుందని. సహజ వాయువు గాలి కంటే తేలిక, పైకి పోతుంది, సీలింగ్ దానికి గూడు. సిలిండర్ గ్యాస్ దీనికి పూర్తిగా ఎదురు, బరువు కాబట్టి నేల మీద పాకుతుంది.

నవంబర్ 25, మంగళవారం

గీజర్ వచ్చింది. అట్టపెట్టె విప్పి తిరగేస్తే అడుగున, కుడి మూల, గోరంత స్టిక్కర్. ఎల్‌పీజీ, 30 మిల్లీబార్. నేను ఆర్డర్ ఇచ్చింది పైపు గ్యాస్ మోడల్. షాపుకి ఫోన్ చేస్తే "జెట్ మార్చేస్తే సరిపోతుంది సార్, మా మెకానిక్ వస్తాడు" అన్నారు. జెట్ అంటే బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే సన్న కన్నం. ఎల్‌పీజీలో ఘనపు మీటరుకి ఉండే వేడి సహజ వాయువుకి రెండున్నర రెట్లకు పైనే, అందుకే దాని జెట్ కన్నాలు చాలా సన్నగా ఉంటాయి. ఈ గీజర్‌ని ఇలాగే తగిలిస్తే మంట పీక్కుపోయినట్టు వస్తుంది, నీళ్లు గోరువెచ్చన. అది ప్రమాదం కంటే ఎక్కువగా చిరాకే, తిరగేసి పైపు గ్యాస్ గీజర్‌ని సిలిండర్‌కి తగిలిస్తేనే మంట మీదికొచ్చి మసి పట్టి కార్బన్ మోనాక్సైడ్ దాకా పోతుంది. ఏదైనా సరే జెట్లు తెలియని మెకానిక్ సుత్తీ పిన్నీసూ పట్టుకుని మార్చే వస్తువులు కావు. వెనక్కి పంపాను. పది రోజులు పడుతుందన్నారు.

మా ఆవిడ ఏమీ అనలేదు, బకెట్‌లో రాడ్ హీటర్ పెట్టింది. అనకపోవడమే ఎక్కువ.

డిసెంబర్ 6, శనివారం

హార్డ్‌వేర్ సామాను దొరికే రాణిగంజ్ వెళ్లి బ్రాస్ బాల్ వాల్వ్, క్లాంపులు తేబోయాను, గ్యాస్ పైపు సామాను మొత్తం వాళ్లే తెచ్చుకుంటారని తెలిసి ఖాళీ చేతులతో వచ్చాను. ఊరికే ఊరంతా తిరగడం కూడా ప్రాజెక్టులో భాగమే.

పదింటికి ఇద్దరు వచ్చారు. పసుపు పౌడర్ కోటింగ్ ఉన్న పైపు, చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది. ఒకతను నడుముకి తాడు కట్టుకుని బయట గోడకి క్లాంపులు కొట్టాడు, పైపు గోడకి అంటకుండా వేలు దూరేంత సందు, లేకపోతే వానకాలం గోడ తడికి వెనకనుంచి తుప్పు పడుతుందట. గోడ దాటే చోట పైపుని నేరుగా సిమెంట్‌లో పాతలేదు. ముందు ఒక పెద్ద గొట్టం ముక్క కన్నంలో దిగేసి, దాంట్లోంచి గ్యాస్ పైపు పంపి, సందు మూసేశారు. గోడ కుంగినా పైపు మీద బరువు పడదు, సున్నం పైపుని తినదు. థ్రెడ్డింగ్‌కి మన ప్లంబర్ చుట్టే తెల్ల టేపు కాకుండా చిక్కటి ద్రవంలాంటి సీలెంట్ పూసి బిగించారు. గీజర్ రాబోయే చోటు పక్కనే చేతికందేలా వాల్వ్.

మధ్యాహ్నం టెస్టింగ్. గ్యాస్ వదలకుండా, సైకిల్ పంపుతో గాలి కొట్టి, అదే ఎర్రనీళ్ల గొట్టం తగిలించారు. పది నిమిషాల్లో నాలుగు మిల్లీమీటర్లు దిగింది. నా కంటికి ఏమీ మారినట్టు లేదు, అతను స్కేలు మీద గోటితో గీత పెట్టుకున్నాడు కాబట్టి తెలిసింది. నాలుగు మిల్లీమీటర్లే కదా అని నోటిదాకా వచ్చింది, మింగాను. కొత్త పైపు అసలు దిగకూడదట. సబ్బు నురగ తీసుకుని ప్రతి జాయింటూ బ్రష్‌తో పూసుకుంటూ వచ్చారు. ఆరు జాయింట్లు శుభ్రం. ఏడోది, ఏసీ పక్కన మేం జరిపించిన మలుపు దగ్గరి యూనియన్, అంటే విప్పి బిగించుకునే జాయింట్. మొదట ఏమీ లేదు, తర్వాత నురగలోంచి ఒక బుడగ, పెనం మీద ఊతప్పానికి బుడగ వచ్చినట్టు, నిదానంగా ఉబ్బి, పగిలి, మళ్లీ అక్కడే ఇంకొకటి. విప్పి చూస్తే యూనియన్ ముఖం మీద ఇసుక రేణువు లాంటిది. తుడిచి, మళ్లీ బిగించి, మళ్లీ గాలి కొట్టి పావుగంట కూర్చున్నాం. గీత కదల్లేదు. ఆ పావుగంటలో నాన్న అందరికీ టీ తెచ్చారు, గొట్టం వైపు చూసి "ఏమన్నా దిగిందా?" అని నన్ను కాదు, ఆ అబ్బాయిని అడిగారు.

డిసెంబర్ 7, ఆదివారం

నీళ్ల లైన్ మన ప్లంబర్ వేశాడు, సీపీవీసీ (వేడినీళ్లు తట్టుకునే ప్లాస్టిక్ పైపు), ముప్పావు, పని శుభ్రం.

గొడవంతా పావురాల దగ్గర వచ్చింది. వాష్ ఏరియా గ్రిల్‌కి జాలీ కట్టించుకుందాం, లేదా పక్క ఫ్లాట్ వాళ్లలా స్లైడింగ్ అద్దాలు పెట్టించేద్దాం అని మా ఆవిడ రెండేళ్ల నుంచి అడుగుతోంది, నేనే వాయిదా వేస్తున్నాను. ఇప్పుడు అద్దాలు ఇక కుదరవు. ఒక ఘనపు మీటర్ గ్యాస్ కాలడానికి పది ఘనపు మీటర్ల గాలి కావాలి, అంటే మన గీజర్‌కి గంటకు పన్నెండు. వాష్ ఏరియా పొడవు వెడల్పు ఎత్తు గుణిస్తే మొత్తం గాలి ఎనిమిది. మూసేస్తే అది బాత్రూమ్‌లో పెట్టినట్టే అవుతుంది. పొగ గొట్టం బయటికి పెట్టినా లోపలికి గాలి రావాలి కదా, గొట్టం ఒక్కటే చాలదు. జాలీ ఓకే, అద్దం వద్దు అని ఒప్పందం కుదిరింది, ఖర్చు నా చేతి ఖర్చులోంచి.

డిసెంబర్ 13, శనివారం

సరైన గీజర్ వచ్చింది. స్టిక్కర్ ముందు చూశాకే సంతకం పెట్టాను, డెలివరీ అబ్బాయి లిఫ్ట్ ఆగిపోతుందని గొణిగినా సరే.

టెక్నీషియన్ కిటికీలన్నీ తీయించి, పైపులో ఉన్న గాలి బయటికి పోయేదాకా వదిలాడు. గ్యాస్‌కి కలిపే మెర్‌కాప్టాన్ వాసన వచ్చాక ఆపి, కాసేపు ఆగి, గీజర్‌లో రెండు లావు బ్యాటరీలు వేసి కుళాయి తిప్పమన్నాడు. టక్ టక్ టక్, తర్వాత భప్ మని నీలం మంట. కొసన పసుపు లేదు.

తర్వాత నేను ఎదురు చూస్తున్న పని. గీజర్ పూర్తిగా, పొయ్యి మూడు బర్నర్లూ పూర్తిగా. మీటర్ దగ్గర 212, గీజర్ దగ్గర టెస్ట్ పాయింట్‌లో 209. తేడా మూడు మిల్లీమీటర్లు, అంటే 0.3 మిల్లీబార్. నా కాగితం మీద 0.11 ఉంది. వాల్వ్, చివర్లో ఉన్న సన్న కనెక్షన్ నేను లెక్కలో వేయలేదు, పైగా నా సూత్రం పైపుని మరీ నున్నగా ఊహించుకుంటుంది. గీజర్ వెలుగుతుండగా పొయ్యి సిమ్‌లో పెట్టి చూశాను, కుళాయి తిప్పినా కట్టినా మంట బెదరలేదు. బావకి ఆ ఎర్రనీళ్ల ఫొటో పంపితే "నా దగ్గర 0.8, నువ్వే నయం" అని జవాబు.

డిసెంబర్ 16, మంగళవారం

నాన్నకి ఒకటే ఫిర్యాదు. కుళాయి తిప్పాక బాత్రూమ్‌లోకి వేడి రావడానికి ఇరవై అయిదు సెకన్లు, ఆ చల్లనీళ్లు వృథా అని. ఇప్పుడు ఆ నీళ్లు పట్టడానికి కుళాయి కింద ఒక మగ్గు పెట్టారు, తులసి మొక్కకి పోస్తున్నారు. వేడి తగ్గించి పెట్టాను, బాగా కాగితే సున్నం తొందరగా పడుతుంది, ఈ బోరు నీళ్లతో కాయిల్ ఎన్నాళ్లుంటుందో చూడాలి. ఏసీ దగ్గర యూనియన్ బిగించినప్పుడు పానా జారి కోటింగ్ లేచిన చోట పసుపు పెయింట్ వేయాలి, జాలీ వాడు శనివారం వస్తానన్నాడు, అంతవరకూ ఒక పావురం పొగ గొట్టం టోపీ మీద వెచ్చగా కూర్చుంటోంది.